చేను కావలి తుపాకి

మదనపల్లె నుండి పుంగనూరు మీదుగా, పలమనేరు దాటి కుప్పానికి పోయే బాట చాలావరకు మెట్టసీమలో సాగుతుంది. ఇరువైపులా గుండ్రాళ్ళ గుట్టలు, వాటి పాదాల చెంత చెరువులు, చెరువు నీరు అందని ఎత్తులలో వేరుసెనగ చేలు కానవస్తాయి. పగలు చూచేవారికి ఇది ప్రశాంతమైన నేల. కాయ ముదిరే దినాలలో, చీకటి పడిన తరువాత, ఇక్కడి రైతుకు కంటిమీద కునుకు ఉండదు. గుట్టమీది పొదలలో నుండి అడవిపందుల మంద దిగివచ్చిందంటే తెల్లవారేలోగా మడి మడంతా ముట్టెతో తిరగదున్ని పోతుంది. కుందేలు మొలకను కొరుకుతుంది. నెమలి గింజను ఏరుకుంటుంది. ఆరు నెలల కష్టం ఒక్క రాత్రిలో మట్టిపాలవుతుంది.

ఈ రాత్రి కావలికి మనుష్యుడు చేపట్టిన సాధనాలలో తుపాకి ఒకటి. తుపాకి అనగానే మనకు యుద్ధాలు, కోటలు, రాజులు జ్ఞాపకానికి వస్తారు. చేను గట్టున మంచెమీద కూర్చున్న రైతు చేతి తుపాకికి చరిత్ర గ్రంథాలలో చోటు తక్కువ. అయితే ఈ సీమలో ఎవరి చేత ఏ తుపాకి ఉండవచ్చును, అందులో ఎంత మందు పోయవచ్చును అన్న ప్రశ్న మూడు వందల ఏండ్లుగా రాజ్యాధికారంతో పెనవేసుకొని వచ్చింది. ఆ కథనే నేడు ముచ్చటించుకుందాము.

తుపాకి రాకమునుపు రైతుకు ఆయుధం లేకపోలేదు. మంచెమీది పిల్లవాని చేత వడిసెల ఉండేది. తాటిని రెండుగా మడచి, నడుమ రాయి నిలిపి, తలపై గిరగిర త్రిప్పి ఒక కొస వదిలితే రాయి దూసుకొని పోయేది. పిట్టలను అదలించడానికి మట్టి ఉండలు విసిరే ఉండేలు ఉండేది. డప్పు ఉండేది, కాగడా ఉండేది. ఈ సాధనాల లక్ష్యం చంపడం కంటె తరమడం. వడిసెలకు ఎంత రాయి కావాలో పట్టేవాడి చేతికి తెలుసు. పెద్ద రాయి దూరం పోదు, చిన్న రాయి దెబ్బ తీయదు. జంతువుకు తగిన గుండును, గుండుకు తగిన బలాన్ని ఎంచుకోవడమనే విద్యకు మొదటి పాఠం ఈ మంచెమీదనే నేర్చుకున్నారు.

దక్షిణాపథంలో తుపాకి ప్రాముఖ్యానికి వచ్చింది పదహారవ శతాబ్దంలో. 1520లో రాయచూరు ముట్టడిలో శ్రీకృష్ణదేవరాయల పక్షాన పోర్చుగీసు తుపాకి వీరులు కోటగోడమీది రక్షకులను గురిచూసి కొట్టి పడగొట్టారని నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు వ్రాసి ఉంచాడు. 1565లో రాక్షసి తంగడి యుద్ధం తరువాత రాయల వారసులు పెనుగొండకు, అటుపిమ్మట చంద్రగిరికి తరలివచ్చారు. కేంద్రాధికారం క్షీణించినకొద్దీ పాలెగాండ్రు బలపడ్డారు. పుంగనూరులోను, కుప్పం రాజధానిగా గల కంగుందిలోను సంస్థానాలు వెలసిన నేపథ్యం ఇదే. పాలెగాని కొలువులో కట్టుబడి బంట్లు ఉండేవారు. వారికి జీతానికి బదులు మాన్యాలుండేవి. ఊరి కావలి, పంట కావలి, బాటసారుల రక్షణ వారి విధులు. అందుకు రైతులు కావలి రుసుము చెల్లించేవారు. కనుక ఈ ప్రాంతంలో తుపాకి మొదటినుండి రెండు పనులు చేసింది. దొరకు యుద్ధసాధనమైనది, ఊరికి కావలి సాధనమైనది.

నాటి తుపాకి వత్తి తుపాకి. కాలుతున్న త్రాటివత్తిని మీట నొక్కి పళ్ళెంలోని మందుకు అంటిస్తే అది పేలేది. వానపడితే వత్తి ఆరిపోయేది. రాత్రివేళ నిప్పుకణిక మెరుపు, వత్తి వాసన జంతువుకు ముందే హెచ్చరిక చేసేవి. తరువాత చెకుముకి తుపాకి వచ్చింది. అందులో రాయి ఉక్కును తాకి నిప్పురవ్వ రాల్చేది. ఏ తుపాకి అయినా దాని ఆహారం మాత్రం ఒక్కటే: సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన నల్లమందు.

పదునెనిమిదవ శతాబ్దంలో ఈ సీమ మైసూరు, నిజాం, కంపెనీ సేనల త్రోవలో పడింది. మదనపల్లెకు చేరువనున్న గుర్రంకొండ దుర్గం చేతులు మారుతూ వచ్చింది. 1780లో కంచి చెంత పుల్లలూరు యుద్ధంలో మైసూరువారి ఇనుప గొట్టాల రాకెట్లు కంపెనీ సేనను కలవరపెట్టాయి. 1782 డిసెంబరు 7న హైదరాలీ కన్నుమూసినది చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట విడిదిలోనే. 1791లో నిజాం సైన్యం కంపెనీ ఫిరంగుల తోడ్పాటుతో గుర్రంకొండను ముట్టడించింది. ఇన్ని సేనలు నడచిన నేలలో తుపాకులు, వాటిని బాగుచేసే కమ్మరులు, మందు నూరే చేతులు పల్లెపల్లెకు వ్యాపించడంలో ఆశ్చర్యం లేదు.

అంతలో కంపెనీ ప్రభుత్వం వచ్చింది. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించాడు. మదనపల్లె ప్రాంతం వాటిలో చేరింది. 1801లో కర్ణాటక నవాబు రాజ్యం కంపెనీ వశమైనది. చిత్తూరు పాలెములు దానిలో వచ్చాయి. దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో చూపు మొదట పడినది పాలెగాండ్ర కోటలమీద, వారి ఆయుధాలమీద. బంట్లను చెదరగొట్టి, కోటలు పడగొట్టి, లొంగినవారికి భరణాలిచ్చి, రైతుతో ప్రభుత్వం నేరుగా శిస్తు ఒప్పందం చేసుకొనే పద్ధతిని ఆయన నెలకొల్పాడు. చిత్తూరు పాలెగాండ్రు అంత సులువుగా తలవంచలేదు. 1804లో వారు తిరుగబడ్డారు. అడవులలో, కొండలలో పోరు సాగిన పిమ్మట కంపెనీ సేన వారిని అణచివేసింది. పుంగనూరు, కంగుంది మాత్రం జమీందారీలుగా మిగిలి, 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం వరకు నిలిచాయి. ఈ విధంగా ఒక్క బాటమీది మూడు ఊళ్ళలో మదనపల్లె సర్కారు రైతువారీ అయినది, పుంగనూరు, కుప్పం జమీందారీలైనవి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు కడప నుండి మదనపల్లె, ఉత్తర ఆర్కాటు నుండి పుంగనూరు ప్రాంతం వచ్చి ఒకే జిల్లాలో కలిశాయి.

పాలెగాని బంటు పోయిన తరువాత పంటకు కావలి ఎవరు? ఈ ప్రశ్నకు కంపెనీవారు సూటిగా జవాబు చెప్పలేదు. 1816 నాటి రెగ్యులేషను ప్రకారం గ్రామ పెద్దకు, తలారికి ఊరి పోలీసు బాధ్యత అప్పగించారు. దొంగను పట్టేందుకు తలారి ఉన్నాడు. పందిని తరిమేవాడు రైతే కావలసి వచ్చింది.

1857 తిరుగుబాటు పాలకుల మనసులో పెద్ద భయం నాటింది. వెంటనే ఆయుధ చట్టాలు వచ్చాయి. 1878లో లిట్టన్ ప్రభువు కాలాన వచ్చిన చట్టం వాటిని స్థిరపరచి, భారతీయునికి తుపాకి కావాలంటే లైసెన్సు తప్పనిసరి చేసింది. పొరుగున కొడగు దేశంలో కొడవజాతివారికి 1861 నాటికే ఈ నిర్బంధం నుండి మినహాయింపు దొరికింది. మన మెట్టసీమ రైతుకు అటువంటి మన్నన దక్కలేదు. అయినా ప్రభుత్వం ఒక కిటికీ తెరచి ఉంచింది. మనుష్యులకు, పశువులకు, పైరులకు హాని చేసే అడవి జంతువులను నిర్మూలించడానికని ఒక ప్రత్యేకమైన లైసెన్సు నమూనాను ఆయుధ నిబంధనలలో చేర్చింది. కాగా రైతు ఇంటి దూలానికి వ్రేలాడిన తుపాకి చాలావరకు పాతకాలపు నాటు తుపాకి. మందు, గుండు గొట్టపు మూతి నుండి పోసి కడ్డీతో దట్టించవలసినదే.

ఈ తుపాకికి కొంత మెరుగు తెచ్చినవాడు ఒక స్కాట్లాండు మతాచార్యుడు. అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే ఆ పెద్దమనిషికి బాతుల వేట ఇష్టం. చెకుముకి పళ్ళెంలో మంట కనబడగానే, గుండు చేరేలోగానే పక్షులు ఎగిరిపోయేవి. దెబ్బ తగిలితే తనంతట తానే పేలే రసాయనాన్ని ఉపయోగించి ఆయన 1807లో ఒక కొత్త పద్ధతికి పేటెంటు పొందాడు. దాని నుండి కొద్ది ఏండ్లకు చిన్న రాగి టోపీ వచ్చింది. మన పల్లెలలో తుపాకి టోపీ అని పిలిచినది ఇదే. టోపీ రావడంతో వానలో, రాత్రిలో కూడా తుపాకి నమ్మకంగా పేలసాగింది. ప్రపంచ సైన్యాలు పంతొమ్మిదవ శతాబ్దం చివరికే ఈ టోపీ తుపాకిని వదలివేశాయి. మన చేలలో అది ఇరవయ్యవ శతాబ్దం పొడుగునా కావలి కాసింది.

కొన్ని ఏండ్ల క్రితం పుంగనూరుకు ఎడంగా ఉన్న ఒక పల్లెలో గ్రామీణ కార్యక్రమం కోసం రైతుల మాటలను శబ్దగ్రహణం చేస్తుండగా ఒక వృద్ధుడు తన తండ్రి కాలపు తుపాకిని, దాని లైసెన్సు పుస్తకాన్ని చూపించాడు. పుస్తకం నిండా ముద్రలు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఠాణాలో అప్పగించి, మరల తెచ్చుకొన్న గుర్తులు. "మందు ఎంత పోస్తారు పెద్దాయనా?" అని అడిగాను. ఆయన అరచేయి చాపి నడుమ పల్లాన్ని చూపించాడు. "కుందేటికి ఇంత. పందిని అదిలించేదానికి ఇంకొంచెం. అంతకు మించితే తుపాకి పందిని గాదు నాయనా, నిన్నే కాలుస్తాది" అన్నాడు. పందిని చంపలేదా అని అడిగితే నవ్వి, "కొట్టేదానికి గాదు, వాటికి బెదురు నేర్పేదానికి. చెనిక్కాయ చేతికొచ్చేదాకా అవి రాకుంటే చాలు" అన్నాడు.

ఆ అరచేతి పల్లంలో ఒక శాస్త్రమున్నది. పడమటి దేశాల పాత వేటగాండ్రు కూడా గుండును అరచేత నుంచి, అది మునిగేదాకా మందు పోసి, అదే కొలతగా ఎంచేవారు. నల్లమందు కొంత ఓర్పు గల పదార్థం. దానిని ఘనపరిమాణంతో కొలిస్తే చాలు. చిన్న కొమ్ము గిద్దెతోనో అరచేతితోనో పని జరుగుతుంది. అయితే కొలత మించితే పలుచని గొట్టం బ్రద్దలవుతుంది. గుండుకు, మందుకు నడుమ ఖాళీ మిగిలినా ప్రమాదమే. అందుకనే పీచు అడ్డుపెట్టి, కడ్డీ ఎగిరి చేతికి తాకే తీరును బట్టి దట్టింపు సరిపోయినదో లేదో గ్రహిస్తారు. కాల్చిన తరువాత గొట్టంలో మిగిలే మసి తేమను పీల్చి ఇనుమును తినివేస్తుంది. కనుక వేడినీళ్ళతో కడిగి, నూనె గుడ్డతో తుడిచి ఉంచాలి. ఒక్కొక్క తూటాను తన చేతితో తానే కూర్చుకొనే ఈ పని ఏ కర్మాగారం చేసి పెట్టేదీ కాదు.

ఇదే సమయంలో సముద్రాలకు ఆవల మరొక తీరున ఇదే విద్య పెరిగింది. అమెరికా పచ్చిక బయళ్ళలో, పొలాలలో బొరియలు త్రవ్వి పంటను పాడుచేసే చిన్న జంతువులుంటాయి. వాటిని అక్కడివారు వార్మింట్ అంటారు. వాటి వేటకు వారు ఎంచినది చిన్న గొట్టం తుపాకి. గొట్టపు వ్యాసాన్ని వారు అంగుళంలో నూరవ వంతులతో చెబుతారు. పాయింట్ ఇరవై రెండు అంటే అంగుళంలో నూటికి ఇరవై రెండు వంతులు, అనగా సుమారు ఐదున్నర మిల్లీమీటర్లు. పెద్ద బోరు తుపాకుల లెక్క వేరు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే, ఆ గుండు పట్టే గొట్టం పన్నెండు బోరు. కనుక అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నమవుతుంది. గొట్టం లోపల మెలికలుగా గాడులు కోసినదే రైఫిల్. ఆ మెలిక గుండును బొంగరంవలె తిప్పి గురితప్పకుండా పంపుతుంది. గుండు పొడవైనకొద్దీ మెలిక బిగువుగా ఉండవలెను. తుపాకిని ఎంచేవాడు ముందుగా చూడవలసినది ఈ పొందికనే.

చిన్న గొట్టంలో రెండు తెగలున్నవి. 1887లో వచ్చిన పాయింట్ ఇరవై రెండు లాంగ్ రైఫిల్ తూటాకు పేలుడు పదార్థం అడుగు అంచులో ఉంటుంది. సుత్తి దెబ్బకు ఆ అంచు నలిగిపోతుంది గనుక ఒకసారి కాల్చిన తొడుగు మరల పనికిరాదు. చవుకైనది, శబ్దం తక్కువ. కాని దాని సీసపు గుండు నెమ్మదైనది. నేలను తాకి దూకి ఎటు పోవునో చెప్పలేము. గురితప్పితే మైలు దూరాన ఉన్నవారికి కూడా ముప్పే. రెండవ తెగలో పేలుడు టోపీ తూటా అడుగున నడిమధ్య ఉంటుంది. కాల్చిన ఇత్తడి తొడుగును కడిగి, పాత టోపీ తీసి కొత్తది పెట్టి, మందు తూచి పోసి, కొత్త గుండును అమర్చుకోవచ్చును. అమెరికా వేటగాండ్రలో ఇది గొప్ప వ్యాసంగమైనది. 1920 తరువాత కొందరు తుపాకి నిపుణులు పాత నల్లమందు తూటా తొడుగులో కొత్త పొగలేని మందు పోసి ప్రయోగాలు చేశారు. ఆ ప్రయోగాల ఫలితమే 1930లో బజారుకు వచ్చిన పాయింట్ ఇరవై రెండు హార్నెట్. హార్నెట్ అంటే కందిరీగ. 1935లో వచ్చిన స్విఫ్ట్ అనే తూటా గుండు సెకనుకు నాలుగు వేల అడుగుల వేగాన్ని దాటింది. అంత వేగంతో పోయే తేలిక గుండు నేలను తాకినంతనే తునాతునకలవుతుంది, దూకి పోయే అపాయం తగ్గుతుంది. ఇండ్లు, పశువులు చేరువగా ఉండే పొలాలలో ఈ గుణం చిన్నదేమీ కాదు. అయితే వేగానికి వెల ఉన్నది. గొట్టం త్వరగా అరిగిపోతుంది.

ఈ వేటగాండ్ల తూనిక ప్రమాణాన్ని గ్రెయిన్ అంటారు. గింజ అని దాని అర్థం. పౌనుకు ఏడు వేల గ్రెయిన్లు. మన కంసాలి బంగారం తూచిన గురివింద గింజ బరువు సుమారు రెండు గ్రెయిన్లు. హార్నెట్ తూటాలో వాడే నలభై ఐదు గ్రెయిన్ల గుండును మన తక్కెడలో పెడితే ఇరవై నాలుగు గురివిందలకు తూగుతుంది. పొగలేని మందు నల్లమందువంటిది కాదు. అది కొద్దిలోనే పెనుబలం చూపుతుంది. అందులో ఒక గురివింద ఎత్తు తేడా వచ్చినా చిన్న తొడుగులో ఒత్తిడి హద్దు మీరవచ్చును. నల్లమందుకై చేసిన పాత గొట్టంలో ఈ కొత్త మందు పోయడం ప్రాణాపాయకరం. కాబట్టి ఆ వ్యాసంగంలో దిగినవాడు కర్మాగారంవారు అచ్చువేసిన పట్టికను వేదవాక్యంగా ఎంచి, ప్రతి కొలతను తక్కెడలో తూచి, తక్కువతో మొదలుపెట్టాలన్నది మొదటి నియమం. పుంగనూరు వృద్ధుని అరచేయి, అమెరికా వేటగాని తక్కెడ చెప్పిన నీతి ఒక్కటే. జంతువుకు తగిన గుండు, గుండుకు తగిన మందు, అంతకు మించి ఒక్క గింజ వద్దు.

అటువంటి చిన్న రైఫిలు మన రైతు చేతికి ఎందుకు రాలేదు? వెల ఒక కారణం. చట్టం అంతకంటె పెద్ద కారణం. స్వాతంత్ర్యోద్యమ కాలంలో ఆయుధ చట్టం ప్రజల ఆత్మగౌరవానికి దెబ్బ అని నాయకులు పలుమార్లు చెప్పారు. 1931లో కరాచీ కాంగ్రెసు ఆమోదించిన ప్రాథమిక హక్కుల తీర్మానంలో నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కు కూడా చోటుచేసుకున్నది. రాజ్యాంగంలో ఆ హక్కు చేరలేదు. 1959లో పార్లమెంటు కొత్త ఆయుధ చట్టం చేసింది. 1962 అక్టోబరు 1 నుండి అది అమలులోకి వచ్చింది. పంట కాపుదల కొరకు నిజంగా అవసరమైన పౌరునికి మూతి నుండి దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వవలసినదేనని ఆ చట్టం చెప్పింది. అది చాలదని అధికారికి తోచినప్పుడు మాత్రమే, ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టం గల, గాడులు లేని మరొక తుపాకికి అనుమతించవచ్చును. రైఫిలు కావాలంటే తగిన కారణం చూపి అధికారిని ఒప్పించవలెను. తూటాలు తయారు చేయడానికి కూడా అనుమతి కావలెను. బెంగాలులోని ఇషాపూర్ ప్రభుత్వ కర్మాగారం పాయింట్ ఇరవై రెండు రైఫిళ్ళను తయారు చేసినా, అవి గురి పోటీల క్రీడాకారుల చేతికి, పట్టణవాసుల చేతికి వెళ్ళినంతగా మెట్టరైతు చేతికి రాలేదు. అందువలన చేతితో తూటా కూర్చుకొనే విద్య మన దేశంలో నాటు తుపాకి రూపంలోనే నిలిచింది.

చట్టం రైతుకు అత్యంత బలహీనమైన తుపాకిని కేటాయించినదని దీనిని అన్యాయంగా భావించేవారున్నారు. అందులో నిజం లేకపోలేదు. ఒకసారి కాల్చి మరల దట్టించేలోగా పందుల మంద మరో చేను చేరుతుంది. కాని మరొక కోణం కూడా ఉన్నది. ఒకే గుండు, ఒకే అవకాశం గలవాడు తొందరపడి కాల్చడు. దట్టించడానికి పట్టే ఆ కొద్ది నిముషాలు అతనికి ఆలోచించే వ్యవధి కూడాను.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. వేట అనే మాటకే అర్థం మారిపోయింది. తుపాకి లైసెన్సు వేరు, జంతువును కొట్టే అనుమతి వేరు అన్న తేడా స్పష్టమైనది. నెమలిని తాకరాదు. కుందేలును పట్టినా నేరమే. అడవిపంది పైరుకు హాని చేస్తున్నదని రుజువైతే ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి కారణాలు వ్రాసి అనుమతి ఇవ్వవచ్చును. 2022లో సవరించి, 2023 ఏప్రిల్ 1 నుండి అమలుపరచిన చట్టం పందిని రెండవ షెడ్యూలులో చేర్చింది. ఆ అనుమతి మార్గం మాత్రం మూసుకుపోలేదు. కాగితం కదిలేలోగా కాయ మిగలదన్నది రైతు గోడు. అడవి తరిగిపోయిన పిమ్మట మిగిలిన నాలుగు జీవాలనైనా కాపాడుకోవద్దా అన్నది ప్రకృతి ప్రేమికుల ప్రశ్న. ఈ రెండూ నిజమే కావడంలోనే చిక్కు ఉన్నది.

ఈ చిక్కును కుప్పం ప్రాంతం అందరికంటె కఠినంగా ఎదుర్కొన్నది. మదనపల్లెకు చేరువనున్న హార్సిలీ కొండకు ఏనుగు మల్లమ్మ కొండ అని పూర్వపు పేరు. ఏనుగుల మధ్య పెరిగిన ఒక బాలిక కథ ఆ పేరులో నిలిచి ఉన్నది. ఆ ఏనుగులు కథలో మిగిలాయే గాని, ఈ అడవులలో సుమారు రెండు శతాబ్దాలపాటు కనబడలేదు. 1980 దశకంలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుండి మంద ఒకటి కుప్పం, పలమనేరు అడవులకు దిగివచ్చింది. వాటి రక్షణకై 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఏనుగుకు అడవిలోని వెదురు కంటె చేలోని చెరకు, వరి, అరటి రుచించాయి. ఏనుగుకు నాటు తుపాకి ఏపాటి? అది చేయగలిగినదల్లా గాయపరచి, కోపం తెప్పించి, పక్క ఊరిమీదికి తోలడమే.

తుపాకి పనికిరాని చోట మనుష్యుడు మరొక సాధనం వెదికాడు. చేను చుట్టూ తీగ చుట్టి దానికి కరెంటు తగిలించాడు. మరికొన్ని చోట్ల పందుల కొరకు మేతలో నాటు బాంబు దాచారు. ఈ రెండింటికీ కన్ను లేదు. పంది వచ్చినదా, పొరుగువాని ఆవు వచ్చినదా, తెల్లవారుజామున నీళ్ళు కట్టడానికి పోయే తోటి రైతు కాలు తగిలినదా అని తీగ చూడదు, బాంబు అడగదు. ఏనుగులూ, మనుష్యులూ ఆ తీగలకు బలియైన ఉదంతాలు ఈ సీమకు కొత్తవి కావు. అరచేతి కొలత గల తుపాకిని దూలానికి తగిలించి, కొలతలేని కరెంటును చేనుకు కావలిగా నిలపడం పురోగమనమని ఎట్లా అనగలం?

ఇట్లా అన్నంత మాత్రాన పాత తుపాకిని మరల చేపట్టాలని నా అభిప్రాయం కాదు. మందు దట్టించిన తుపాకి పేలి చేతులు పోగొట్టుకొన్నవారు, చీకటిలో మనిషిని పందిగా భ్రమించి కాల్చినవారు కూడా ఉన్నారు. కాలం మారింది. 2025లో కర్ణాటక ప్రభుత్వం శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. అడవి ఏనుగును మచ్చిక ఏనుగుతో, మావటివాని నేర్పుతో వెనుకకు మళ్ళించే పద్ధతి అది. ప్రాణం తీయకుండా దారి మళ్ళించే ఆ పద్ధతిలో నాకు మంచెమీది వడిసెల ధర్మమే కనబడుతుంది. పందుల విషయంలో కూడా అనుమతి త్వరగా రావడం, నష్టపరిహారం వేళకు అందడం, కాల్చవలసి వస్తే గురి తెలిసినవాడే, తగిన తుపాకితో, పగటివెలుగున కాల్చడం అవసరం. వీటిలో ఏది ఆలస్యమైనా ఆ ఖాళీలోనికి వచ్చేది కరెంటు తీగ.

పాలెగాని బంటు, కంపెనీ కలెక్టరు, లైసెన్సు గుమాస్తా, అడవి అధికారి, వీరందరూ తమ తమ కాలాలలో ఈ సీమ తుపాకికి హద్దు గీసినవారే. కాని చివరి హద్దు ఎప్పుడూ చేను గట్టున కూర్చున్నవాని అరచేతిలోనే ఉన్నది. నాటి పల్లెలో ఆ వృద్ధుడు తుపాకిని మరల గుడ్డలో చుట్టి దూలానికి తగిలిస్తూ, ఇప్పుడు టోపీలు దొరకడం లేదనీ, కొడుకులకు దానిని తుడిచే ఓపిక లేదనీ చెప్పాడు. "పోనీలే నాయనా, తుపాకి పోయినా ఫర్వాలేదు. ఎంత పోయాలో తెలిసిన చెయ్యి పోకూడదు" అన్నాడు. ఆ మాట శబ్దగ్రహణ యంత్రంలో పడలేదు. నాకు జ్ఞాపకమున్నది గనుక ఇక్కడ వ్రాశాను.